మా చిన్నబావగారి రైలు ప్రేమ

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో మా చిన్నబావగారి ఫోటో కనబడింది. భుజాల మీద శాలువా, చేతిలో జ్ఞాపిక, పక్కన ఎవరో పెద్దమనుషులు. పాతకాలపు రైలు సామాను సేకరించి భావితరాలకు భద్రపరుస్తున్న ధన్యజీవి అని కింద రాశారు. ఆయన వెనక గోడకు అమర్చిన గాజు పెట్టెలో ఇత్తడి విజిల్ ఒకటి తళతళలాడుతోంది. అది ఏ ఇంజనుదో, అక్కడికెలా చేరిందో మా ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. మా చిన్నక్క బతికున్నంతకాలం ఆమె ముఖం చూసి నోరు మెదపలేదు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇక ఎవరి ముఖం చూసి ఆగాలి? ఆయన ముఖమా? అది పేపర్లో చూశాను, చాలు.

మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు రేవు చుట్టుపక్కలంతా బొగ్గు పొగే. మల్కాపురంలో దండెం మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది, ఆడవాళ్ళు ఇంజన్లను శాపనార్థాలు పెడుతూ మళ్ళీ ఉతికేవారు. మా పెద్దక్క భర్త, అంటే మా పెద్దబావ, ఆ ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిలో చేరాడు. నేను గుమాస్తా ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మల్కాపురంలో వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. డీజిల్ ఇంజన్లు వచ్చి పాతవన్నీ ఒక్కొక్కటే తుక్కుకు పోతుంటే, మనసున్న అధికారి ఒకాయన ఒక చిన్న ఇంజనును మాత్రం ఆపించి, పాత షెడ్డులో పెట్టించి, చూసుకోమని తాళంచెవి మా పెద్దబావ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఇంట్లో గుమ్మం పక్క మేకుకు తగిలించి ఉంచేవాడు.

ఆ ఇంజను చుట్టూ మాదొక చిన్న లోకం ఏర్పడింది. ఆదివారం వస్తే చాలు, ఒక కాలేజీ లెక్చరరమ్మ, రిటైరైన గార్డు ఒకాయన, ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు తగిలించుకుని వచ్చే రైలు పిచ్చివాళ్ళు, అందరం షెడ్డులో చేరేవాళ్ళం. చింతపండు పెట్టి ఇత్తడి తోమేవాళ్ళం, చక్రాలకు నూనె రాసేవాళ్ళం. ఇక ఎన్నటికీ కదలని ఇంజనుకు నూనె ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మా పెద్దక్క పంపిన పులిహోర అందరం పంచుకు తినేవాళ్ళం.

మా చిన్నబావ గోదావరి జిల్లా మనిషి. ఉక్కు నగరం కట్టే రోజుల్లో కాంట్రాక్టు పనుల మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాలో అందరికన్నా రైళ్ళ గురించి ఎక్కువ చదివినవాడు, ఎక్కువ మాట్లాడేవాడు ఆయనే. ఆ ఇంజను పుట్టుపూర్వోత్తరాలు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇత్తడి తోమేటప్పుడు మాత్రం చేతులు మసి చేసుకోకుండా పక్కన నిలబడి, ఇంకొంచెం గట్టిగా రుద్దమనేవాడు.

ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి ఇంజనుకు విజిల్ లేదు, నంబరు ప్లేటు లేదు. మరలు జాగ్రత్తగా విప్పి తీశారు. షెడ్డు తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని పోలీసులు అడిగారు, అందరూ మా పెద్దబావ వైపు చూశారు. మర్నాడు పొద్దుట ఆయన్ను తీసుకెళ్ళి సాయంత్రం దాకా స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన జీవితంలో ఎవరి గడ్డిపోచా ముట్టి ఎరగడు. ఆ పూటంతా మా చిన్నబావ మల్కాపురంలోనే ఉండి పెద్దక్కకు ధైర్యం చెప్పాడు, ఆవిడ కలిపిచ్చిన కాఫీ తాగాడు, సాయంత్రం కారు వేసుకెళ్ళి తోడల్లుణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాం మేము.

రుజువేమీ దొరక్క కేసు అక్కడితో ఆగింది కాని షెడ్డు మూతపడింది. ఇతరులు లోనికి రాకూడదని బోర్డు కట్టారు. గేటు దగ్గర కెమెరాతో ఎవరు కనబడినా కాపలావాడు దొంగను చూసినట్టు చూసేవాడు. అంతకన్నా ఘోరం, మాలో మేమే ఒకరినొకరు అలా చూసుకోవడం మొదలుపెట్టాం. లెక్చరరమ్మ రావడం మానేసింది. గార్డుగారు బజారులో ఎదురైనా తల తిప్పుకుని పోయేవాడు.

కొన్నేళ్ళకు మా చిన్నబావ భీమిలి దారిలో పెద్ద ఇల్లు కట్టాడు. గృహప్రవేశం నాడు భోజనాలకు పిలుద్దామని ఆయన్ను వెతుక్కుంటూ నేనూ పెద్దబావా మేడ మీదికి వెళ్ళాం. తలుపు తీసి ఉన్న గదిలో ఎవరో పొరుగూరి మిత్రుడికి ఆయన తన సేకరణ చూపిస్తున్నాడు. ఎదురుగా గోడ మీద మా ఇంజను నంబరు, పక్కనే విజిల్.

"ఇదేటి తమ్ముడూ, మన నంబరు గదా?" అన్నాడు పెద్దబావ.

మిత్రుణ్ణి కిందికి పంపించి, తలుపు దగ్గరగా వేసి, మా చిన్నబావ గొంతు తగ్గించాడు. "నేను తియ్యకపోతే ఏ తుక్కువాడో ఎత్తుకుపోయి కరిగించేసేవాడు అన్నయ్యగారూ. ఇక్కడెంత భద్రంగా ఉందో చూడండి."

"మా ఇంటికి బోజనానికొచ్చి మేకుకున్న తాలంసెవి తీసినావన్నమాట. నన్ను టేసన్లో కూకోబెట్టిన్నాడు నువ్వే గదా కారేసుకొచ్చినావు? దారంతా నాకు దైర్యం సెప్పినావు. అప్పుడికిది నీ ఇంట్లోనే ఉందేటి?"

"మీకేమీ కాదని నాకు తెలుసు కదండీ" అన్నాడు మా చిన్నబావ.

పట్టాల పక్క రాగి తీగ కోసుకుపోయేవాణ్ణి నేను తిట్టగలను గాని అసహ్యించుకోలేను. వాడికి కనబడేది రాగి, అంతే. రైలంటే ప్రాణమని చెప్పుకుంటూ దాని గొంతు విప్పి గోడకు తగిలించుకుని, ఆ నేరం తోడల్లుడి నెత్తిన పడుతుంటే కాఫీ తాగుతూ చూసిన మనిషిని ఏమనాలో ఇప్పటికీ నాకు మాట దొరకలేదు.

నేను పోలీసుల దగ్గరికి పోదామన్నాను. మెట్ల మీద పెద్దబావ నా చెయ్యి పట్టుకుని, "ఒద్దు బావ. అక్కసెల్లెల్ల మద్దిన గొడవెట్టీకు. ఆడే తెచ్చి ఇచ్చెత్తాడు" అన్నాడు. మా చిన్నక్కకు సంగతి ఎలా తెలిసిందో, మర్నాడే మల్కాపురం వచ్చి, వంటింట్లో పెద్దక్క ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఇంక నేనూ నోరెత్తలేదు.

మా చిన్నబావ స్వయంగా తెచ్చి ఇవ్వలేదు. కొన్నాళ్ళకు ఎవరిచేతో షెడ్డు గేటు దగ్గర ఒక గోనెసంచి పడేయించాడు. అందులో నంబరు ప్లేటు ఉంది, విజిల్ లేదు. దొరికిపోతానన్న భయంతో మా పెద్దబావే సగం తెచ్చి పడేశాడని టీ కొట్టు దగ్గర అనుకోగా మా చెవులతో మేమే విన్నాం. ఆ ప్లేటు ఏ గదిలో తుప్పు సామానుతో కలిసిపోయిందో తెలియదు. చూసే దిక్కులేక ఇంజను తుప్పు పట్టింది, ఒక వానాకాలం తర్వాత దాన్నీ ముక్కలుగా కోసి లారీల్లో ఎత్తుకుపోయారు.

ఇప్పుడు రైళ్ళు మునుపటికన్నా పొడుగు, వేగం. చూసేవాళ్ళు లేరు. గేటు పడితే జనమంతా ఫోన్లలో తలలు దూరుస్తారు. మా పెద్దబావకు మాత్రం చూపు మందగించినా రైలు మీద ఆశ చావలేదు. సాయంత్రాలు ఆయన్ను మెల్లగా నడిపించుకుంటూ గేటు దాకా తీసుకెళతాను. ఇనుప ఖనిజం బండి వస్తున్న చప్పుడు వినగానే ఆయన తన చేతిసంచి నాకిచ్చేసి, గేటువాడికి కనబడేలా ఉత్త చేతులు ముందుకు పెట్టుకుని నిలబడతాడు. బండి పూర్తిగా దాటి గేటు లేచాక గాని ఆ సంచి మళ్ళీ పుచ్చుకోడు.