నా పేరు పక్కన ఎవరి ముఖం?

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఉండేవాళ్లం. నాన్న ఓడరేవు డాక్‌లో పనిచేసేవారు. మా తెలుగువాళ్ల పెళ్లిసంబంధాలకు కొత్తగా ఒక వెబ్‌సైట్ వచ్చింది. నాన్న నన్ను బజారు స్టూడియోకి తీసుకెళ్లి, నా జడ తానే ముందుకు వేసి ఫొటో తీయించారు. సైబర్ కేఫ్‌లో దాన్ని సైట్‌కి ఎక్కించింది నేనే.

కొన్నాళ్లకు బడ్జ్ బడ్జ్ నుంచి పెళ్లివారు వచ్చారు. నేను టీ తేగానే పెళ్లికొడుకు తల్లి సైట్‌లోంచి తీయించి తెచ్చిన ప్రింటునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఏటన్నయ్యా ఇది? ఫొటోలో పిల్ల ఈ పిల్ల కాదు గదా."

ప్రింటులో నా పేరు పక్కన ఎవరో అమ్మాయి నవ్వుతోంది. వాళ్లు ప్రింటు అక్కడే పడేసి, టీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయారు.

సంగతేమిటో తర్వాత తెలిసింది. స్టూడియోవాడు అందరి ఫొటో ఫైళ్లకూ ఒకే పేరు పెట్టి ఇచ్చేవాడు. అదే పేరుతో ఇంకో ఫొటో వస్తే సైట్ పాతది తీసేసి కొత్తది పెట్టుకునేది. నా తర్వాత ఎక్కించిన అమ్మాయి ముఖం నాకు వచ్చి పడింది.

సైట్‌వాళ్లు సరిచేశారు. నాకు వేరే సంబంధం కుదిరింది. ఆ పెళ్లివారు నన్ను చూసిన చూపులు కూడా ఎప్పుడో మరిచిపోయాను. కానీ ఆ రోజు వాళ్లు గుమ్మం దాటగానే, నా జడ సర్దిన చేతులతోనే ఆ ప్రింటు పట్టుకుని నాన్న నన్ను అడిగారు.

"ఎవలి ఫొటో ఎట్టేసినావే?"