పేరు, తండ్రి పేరు, ఊరు

మా గ్రేస్ సిస్టర్ సంతలో వంకాయలు కొన్నా, ఒకదాన్ని తుంచి పురుగుందో లేదో చూసిగాని సంచిలో వేయదు. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల మధ్య ముప్పై పడకల ప్రైవేటు దవాఖానా మాది. ఇరవై ఆరేళ్లుగా ఆపరేషన్ థియేటర్ ఆమె చేతిలోనే ఉంది. నేను రూప్లిని, ఆమె కింద నర్సును. ఆమె తిట్టని రోజు నాకే ఏదో వెలితిగా ఉంటుంది.

సిస్టర్‌కు ఒక పద్ధతుంది. థియేటర్‌లో బల్ల ఎక్కే ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడుగుతుంది: పేరేంది, తండ్రి పేరేంది, ఊరేంది. మత్తు దిగాక మళ్లీ అవే మూడు. మూడూ సరిగ్గా చెబితేనే మనిషి తిరిగొచ్చినట్టు రిజిస్టర్‌లో రాయనిస్తుంది. సొంత చెల్లెలు మరియకు ఆపరేషన్ అయినప్పుడు ఆమెనూ వదల్లేదు. “నీ నాయన, నా నాయన ఒక్కడే గదనే అక్కా” అని మరియ మొత్తుకుంటే, “అయితే ఆయన పేరు చెప్పు” అంది.

పోయిన ఫిబ్రవరిలో మత్తు డాక్టర్ జయప్రకాశ్ గారికి అసిస్టెంటు కావాల్సి వచ్చాడు. మత్తు మిషను సరిచూడాలి, మందులు సిద్ధం చేయాలి, రోగి తలాపున నిలబడాలి. అంతకు ముందున్నవాడి సర్టిఫికెట్ ఏదో జిరాక్స్ షాపులో పుట్టిందని తేలి వెళ్లగొట్టారు. వాణ్ని నమ్మి తెచ్చింది తానేనని సిస్టర్ నెల రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అందుకే ఈసారి “మనోడే సిస్టర్, మంచోడు” అని సిఫారసు తెచ్చిన నలుగురినీ గుమ్మంలోంచే పంపేసింది.

“మంచోడైతే పెండ్లికి పిలుచుకోండ్రి. నాకు కాగితం కావాలె” అంది.

అప్పుడొచ్చాడు హీరాలాల్. సన్నటి మనిషి, మాట తక్కువ. మిషను చూడమంటే, ఏ గొట్టంలో గాలి పోతోందో పావుగంటలో పట్టి చూపించాడు. సిస్టర్ అంతటితో ఊరుకునే రకమా? సర్టిఫికెట్ కాపీని అతను చదివిన ఖమ్మం కాలేజీకి పంపింది. పదకొండు రోజులు ఆగింది. మూడుసార్లు ఫోన్ చేసింది. అసలుదేనని, ఫస్ట్ క్లాస్ అని జవాబొచ్చింది. ఆ రోజు మా అందరికీ టీ తాగించింది. అతని ఫైలు కూడా తన చేత్తోనే రాసుకుంది: హీరాలాల్, తండ్రి బాలు, గుట్టకింది తండా.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పామాయిల్ గెలలు కోసే కూలీని తోటివాళ్లు ట్రాక్టర్‌లో తెచ్చారు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. అపెండిక్స్ ఏ క్షణమైనా పగిలేలా ఉందన్నారు. మా హీరాలాల్ పొద్దుటి నుంచీ థియేటర్‌లోనే, మాస్కు కట్టుకుని పనిలో ఉన్నాడు. కూలీని బల్ల మీదికి ఎక్కించాం. సిస్టర్ కేస్‌షీట్ పట్టుకుని వంగింది.

“నీ పేరేంది?”

“హీరాలాల్.”

“తండ్రి పేరు?”

“బాలు.”

“ఊరు?”

“గుట్టకింది తండా.”

సిస్టర్ తలెత్తి, తలాపున నిలబడ్డ అసిస్టెంటును చూసింది. “మీ తండల ఇద్దరు హీరాలాల్‌లు ఉన్నరా?”

“అవ్ సిస్టర్” అన్నాడతను.

నాదీ ఇంకో తండానే. హీరాలాల్‌లూ బాలులూ ఎక్కడైనా దొరుకుతారు. నేను నమ్మేశాను. సిస్టర్ మాత్రం అతని మీది నుంచి చూపు తిప్పకుండానే తర్వాతి ప్రశ్న అడిగింది.

“పొద్దుటి సంది ఏమన్న తిన్నవా?”

“ఏం తినలే సిస్టర్” అన్నాడు కూలీ. కేస్‌షీట్‌లోనూ అదే రాసి ఉంది.

డాక్టర్ గారు సూది అందుకున్నారు. అసిస్టెంటు నోరు మూసుకుంటే సరిపోయేది. అతను బల్ల మీదికి వంగాడు.

“అన్నా, అంబలి తాగినవా?”

కూలీ కళ్లు పైకెత్తి ఆ మాస్కును చూశాడు. “అది తాగిన. రెండు చెంబులు. ఎండల పోతే గా మాత్రం తాగమా? తినుడైతే తినలే.” ఆ మాటంటూనే నొప్పిలోనూ అతని మొహం విప్పారింది. “కోటేషూ, నువ్వారా?”

రెండు చెంబుల అంబలితో మత్తిస్తే, అది కక్కుగా ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బల్ల మీదే పోవచ్చు. మా వాళ్లకు తాగింది తిండి కాదు. తండా పిల్లనై ఉండీ నాకెందుకు తోచలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

“నువ్వెవరు?” అంది సిస్టర్. అరవలేదు. ఆమె అరవకపోతే నాకు ఇంకా భయం.

“కోటేష్, సిస్టర్. ఈయన మా సొంత అన్న. ఏడో తరగతిల బడి మానేసిండు. హాజరీల పేరు తగ్గుతదని మా సారు అన్న పేరు మీద నన్ను కూసోబెట్టిండు. పది, ఇంటర్, ఈ కోర్సు అన్నీ నేనే రాసిన. పేరొక్కటే అన్నది.”

పదకొండు రోజులు సిస్టర్ సరిచూసింది కాగితాన్నే. కాగితం నిజమే. మనిషే వేరు.

డాక్టర్ గారు ముందు తేరుకున్నారు. “ఆగితే పగుల్తది సిస్టర్. కక్కు పైకి రాకుండ గొంతు నొక్కి పట్టుకుంటే నేను జల్దీ ఊపిరి గొట్టం వేస్త. కోటేషును పట్టుకోనియ్యి.”

“కాగితం లేని చెయ్యి నా థియేటర్‌ల పడదు సార్. నేను పడతా.” కోటేష్ సిద్ధం చేసిన మందులన్నీ పారబోయించి, మళ్లీ కొత్తగా తీయించింది. అతణ్ని అద్దం తలుపు బయట నిలబెట్టింది. అన్న ప్రాణం నిలిపినవాణ్ని బయటికి పంపుతుంటే ఆమె మీద నాకు ఒళ్లు మండింది. కానీ గొంతు మీది నుంచి వేళ్లు తీయకుండానే ఆమె రెండుసార్లు అద్దం తలుపు వైపు తిరగడం కూడా నేనే చూశాను.

కోటేష్ ఇప్పుడు మా దగ్గర లేడు. పేరు సరిచేయించుకోవడానికి ఖమ్మంలో ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ప్రతిసారీ సిస్టర్ సెలవు పెట్టి వెంట వెళ్తోంది. ఆ పేరు మారుతుందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

ఆ సాయంత్రం మాత్రం నేను మరచిపోలేను. ఆపరేషన్ బాగానే అయింది. కూలీ కళ్లు తెరిచి, అద్దం అవతల నిలబడ్డ తమ్ముణ్ని చాలాసేపు చూశాడు. సిస్టర్ మంచం దగ్గరికొచ్చింది.

“నీ పేరేంది?”

“కోటేష్.”

రిజిస్టర్‌లో రాయబోయి పెన్ను ఆపాను. సిస్టర్ మళ్లీ అడిగింది. అతను తడబడలేదు.

“నేను కోటేషును సిస్టర్. హీరాలాల్ అంటే ఆడు, గా బయటున్నోడు. సదువుకున్నోడు. ఆ పేరు ఆనికే ఉండనియ్యి.”

తండ్రి పేరు సరిగ్గానే చెప్పాడు. ఊరు సరిగ్గానే చెప్పాడు. సిస్టర్ ఇరవై ఆరేళ్లలో మొదటిసారి డ్యూటీ మధ్యలో స్టూలు మీద కూర్చుంది.

“ఏం రాయాలె సిస్టర్?” అన్నాను.

అతని నుదుటి మీద చెయ్యి వేసి, ఆ తెరిచిన కళ్లలోకి చూస్తూ అంది.

“ఇంకా మత్తు దిగలేదని రాయి.”

రాశాను. నాకు తెలిసి ఆ రిజిస్టర్‌లో అదొక్కటే అబద్ధం.