ఆశన్న పెండ్లి కోటు

బోధన్ బజారులో షరీఫ్ దుకాణం చిన్నదే. అయినా కోటు కుట్టడంలో ఆయన చెయ్యి పేరున్న చెయ్యి. నిజామాబాద్‌లో పెద్ద పెద్ద అద్దాల దుకాణాలు ఉండగా కూడా అక్కడి వకీళ్లు బస్సెక్కి వచ్చి ఆయనకే కొలతలిచ్చి పోయేవారు. లోపల వేసే కాన్వాసును నానబెట్టి, నీడన ఆరబెట్టి గాని వాడేవాడు కాదు. గుండీల ఖాజాలు మాత్రం భార్య కుల్సుమ్ చేత్తో కుట్టాల్సిందే. పొట్ట ఉన్నవాడికి పొట్ట తెలియకుండా, గూని ఉన్నవాడికి వీపు నిటారుగా కనిపించేలా కత్తిరించేవాడు. ఎవరి ఒంట్లో ఏ లోపం ఉందో ఆయనకు తెలుసు. మరొకరికి చెప్పడు. ఆ అలవాటే 1989 ఎండాకాలంలో ఆయన మెడకు చుట్టుకుంది.

నవీపేట్ రైతు లింబయ్య ఆయనకు పాత గిరాకీ. చిన్న కూతురు రుక్మాబాయికి రుద్రూర్ సంబంధం కుదిరిందని, పెండ్లికొడుకు సూటు గుడ్డ తానే కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“షరీఫ్ సాబ్, గిది నా ఆఖరి పిల్ల పెండ్లి. అల్లుడు పందిట్ల రాజులెక్క కనవడాలె” అన్నాడు.

మర్నాడు పెండ్లికొడుకు ఆశన్న, అతని అక్క భీమవ్వ కొలతలకు వచ్చారు. ఆశన్న అంగీ విప్పాడు. భుజం మీద టేపు పెట్టిన షరీఫ్ చెయ్యి ఆగిపోయింది. ఎడమ భుజం బాగా కిందికి జారి ఉంది. చెరుకు బండి మీద పడి ఎముక విరిగిందట. నాటుకట్టు కట్టిస్తే వంకరగా అతుక్కుంది.

భీమవ్వ గొంతు తగ్గించింది. “అన్నా, మొదటి సంబంధం గీ భుజం జూసే ఎనక్కి పోయింది. గిప్పుడు సూపుల నాడు శాలువ కప్పి కూసోవెట్టినం. నీ కోటుతోని పెండ్లినాడు గట్టెక్కియ్యి. నీకు దండం పెడత.”

ఆశన్న నేల చూస్తూ అంగీ గుండీలు పెట్టుకున్నాడు.

షరీఫ్‌కు ఇది కొత్త పని కాదు. ఎడమవైపు దూది పొర మీద పొర వేసి పైపైన కచ్చాకుట్టు వేశాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆశన్నకు తొడిగి చూస్తే రెండు భుజాలూ ఒక్క గీతలో నిలబడ్డాయి. భీమవ్వ కళ్లు తుడుచుకుంది. షరీఫ్ కూడా మురిసిపోయాడు.

ఆ మురిపెం అంగడి రోజుదాకే. ఆ రోజు లింబయ్య కోటు చూసి పోదామని వచ్చాడు. కాలర్ నిమిరి చూస్తూ అన్నాడు: “నువ్వు ఒళ్లు ముట్టి కొలత తీసుకున్నవ్. పోరడెట్లున్నడు సాబ్?”

షరీఫ్ “మంచిగున్నడు పటేలా” అన్నాడు. ఆలోచించేలోగానే మాట బయటికి వచ్చేసింది.

లింబయ్య చెయ్యి కాలర్ మీంచి ఎడమ భుజం వైపు జరిగింది. బొటనవేలితో ఒక్కసారి నొక్కితే దూది దిండు తెలిసిపోతుంది. షరీఫ్ గబుక్కున కోటు అందుకుని, “ఇంక ఇస్త్రీ చెయ్యలే పటేలా, నలుగుతది” అన్నాడు. లింబయ్య నవ్వి, పందిరి పనులున్నాయని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి షరీఫ్‌కు అన్నం సయించలేదు. చెబితే పత్రికలు పంచిన పెండ్లి ఆగిపోతుంది, ఆశన్న బతుకు బుగ్గి అవుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల పెండ్లయ్యాక చూసి ఏమవుతుంది? ఎవరిదో అంగీకి జేబు పొరపాటున కుడివైపు కుట్టి మళ్లీ విప్పాడు. దుకాణం ముందు సైకిల్ ఆగినా లింబయ్యేనేమో అని ఉలిక్కిపడేవాడు.

కుల్సుమ్ అడిగితే అంతా చెప్పాడు. ఆమె సూది పక్కన పెట్టింది.

“గుడ్డ ఎవరిది?”

“లింబయ్యది.”

“ఆయన గుడ్డతోనే ఆయన కండ్లకు గంతలు కడుతున్నవా?”

శుక్రవారం నమాజు కాగానే షరీఫ్ రుద్రూర్ బస్సెక్కాడు. ఆశన్న చెరుకు తోటలో నీళ్లు కడుతున్నాడు.

“పిల్ల తండ్రి నన్ను అడిగిండు ఆశన్నా. మంచిగున్నడన్న. అప్పటిసంది నాకు పానం మంచిగుంటలేదు.”

“నాకు మాత్రం ఉంటదా సాబ్? అక్క ఏడుస్తదని ఊకున్న.” ఆశన్న పార మట్టిలో గుచ్చాడు. “నేనే పోయి చెప్త. నువ్వు నాతోని రా.”

మర్నాడు పొద్దున ఇద్దరూ నవీపేట్‌లో దిగారు. లింబయ్య వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. ఆశన్న అంగీ విప్పి ఆయన ముందు నిలబడ్డాడు.

“మామా, నా భుజం గిట్లున్నది. సూపులనాడు దాచినం. తప్పయింది.”

లింబయ్య షరీఫ్ వైపు తిరిగాడు. “మంచిగున్నడన్నవ్ గద!” అని లోపలికి వెళ్లిపోయాడు.

బయట ఇద్దరినీ కూర్చోమన్నవాళ్లు లేరు. లోపల ఆడవాళ్ల ఏడుపు, ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు. షరీఫ్ వెళ్లిపోదామా అనుకున్నాడు గాని, ఆశన్నను ఒంటరిగా వదిలి పోలేకపోయాడు.

చాలాసేపటికి రుక్మాబాయి గడప దాకా వచ్చింది. తిన్నగా ఆశన్న భుజం చూసింది.

“చెయ్యి లేస్తదా?”

“భుజం దాక లేస్తది. పైకి లేవది.”

“నొస్తదా?”

“సలికాలం నొస్తది.”

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి లింబయ్య వచ్చాడు. “చేసుకుంటనంటున్నది. దాని ఇష్టం” అన్నాడు. తర్వాత షరీఫ్ మొహం చూడకుండా, “కోటు పంపియ్యి. నేను మల్ల నీ గడప తొక్క” అన్నాడు.

తిరుగు బస్సులో ఆశన్న ఒక్కటే మాట అన్నాడు. “సాబ్, ఆ దూది తీసెయ్యి.”

తీసేస్తే కోటు చంక కింద ముడతలు పడి, ఎడమ అంచు కిందికి వేలాడింది. ఆ వంగిన భుజానికి తగ్గట్టు కోటును భుజం దగ్గర కోసి, కిందికి దించి, చంక మళ్లీ కత్తిరించాలి. ఎక్కువ కోస్తే అతికే దారి లేదు, వేరే గుడ్డా లేదు. ముహూర్తం దగ్గరికొచ్చింది. సుద్ద గీత గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. కుల్సుమ్ గుడ్డ రెండో కొస పట్టుకుంటే, బిస్మిల్లా అనుకుని కోశాడు.

పెండ్లినాడు షరీఫ్ పందిరి చివర నిలబడ్డాడు. ఆశన్న భుజం వంగినట్టే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. కొందరు గుసగుసలాడారు. కోటు మాత్రం ముడత లేకుండా ఒంటికి అతికినట్టుంది, కింది అంచు సమంగా నిలబడింది. తలంబ్రాల వేళ ఆశన్న ఎడమ చెయ్యి పైకి లేవలేదు. రుక్మాబాయి అతని చెయ్యి అందేలా తల కిందికి వంచింది. అప్పుడు గాని షరీఫ్ ఊపిరి వదల్లేదు.

లింబయ్య మాట తప్పలేదు. నిజామాబాద్ పోయి కుట్టించుకున్నాడు గాని మళ్లీ బోధన్ దుకాణానికి రాలేదు. రెడీమేడ్ బట్టలొచ్చి గిరాకీ తగ్గిన రోజుల్లో కూడా, దసరాకు ముందు రుక్మాబాయి మాత్రం భర్తకు అంగీ గుడ్డ పట్టుకుని వచ్చేది. షరీఫ్ ఆమె ముఖం చూసి భయం భయంగానే అడిగేవాడు.

“బాపు నా మాటేమన్న తీస్తడా బిడ్డా?”

“తియ్యడు సాబ్. ఇంక కోపం పోలే.”

షరీఫ్ తల ఊపి, గుడ్డ విప్పి చూసేవాడు.