దిండు ఎత్తి చూసే ఉద్యోగం

వృద్ధుల సంరక్షణను పర్యవేక్షించు గౌరవనీయ అధికారులకు, వారి పై అధికారులకు, ఆపైన ఎవరైనా ఉన్నచో వారికి, పాఠకుల సమక్షంలో విన్నవించునది: కువైట్‌లోని మా రుమైథియా వృద్ధాశ్రమపు హెడ్ నర్సు గారు గత వారం మంగఫ్‌లోని తన గదిలో గుండె ఆగి మరణించారు. ముందుగా చెప్పకుండా ఆమె పనికి రాకపోవడం ఇదే మొదలు.

ఆమెది కడప. నేను ఫార్మసిస్టుగా చేరిన రోజే నన్ను ఎర్ర చీటీలంటించిన అలమరా ముందు నిలబెట్టారు. ఇన్సులిన్, రక్తాన్ని పలుచన చేసే మాత్రలు, మార్ఫిన్: పొరపాటైతే ప్రాణం తీసేవన్నీ అందులోనే. ఏది బయటికి తీసినా ఇద్దరు సరిచూడాలన్నది నియమం. ఆమె ఆపైన రోగినీ చూసేవారు. "మందు సరిపోతే చాలదు సార్, మనిషికీ సరిపోవల్ల" అనేవారు.

జబ్బు మనిషికి ఉపవాసం తప్పనిసరి కాదని మతపెద్దలే చెబుతారు. ఇక్కడి మాటలో అమ్మ అన్నట్టుగా మేమందరం మామా అని పిలిచే కువైటీ పెద్దావిడ మాత్రం ఆ మినహాయింపును స్వీకరించలేదు. పోయిన రంజాన్‌లో ఒక ఉదయం ఆమె పళ్లెం ఖాళీగా తిరిగొచ్చింది. తిన్నారనుకుని కొత్త నర్సు ఇన్సులిన్ సూదిలోకి తీసింది. నేను కొలత సరిచూశాను. నియమం నెరవేరింది. అప్పుడు హెడ్ నర్సు గారు వచ్చి దిండు ఎత్తారు. కింద రుమాలులో మడిచిన రొట్టె ఉంది. పిల్లి కోసం దాచానని మామా సెలవిచ్చారు. మా నాలుగో అంతస్తుకు పిల్లులు రావు.

ఖాళీ కడుపున ఆ సూది పడితే చక్కెర పడిపోయి మామా ప్రాణానికే ముప్పు. రాసిన వేళకు వేయాల్సిందేనని మా విజయవాడ డాక్టరు గారు ఫోన్‌లో హెడ్ నర్సు గారితో పట్టుబట్టారు.

"నేను వేయను డాక్టరు గారూ. మీరే వచ్చి వేసిపోండి."

డాక్టరు గారు రాలేదు. చక్కెర పరీక్ష చేయించి, మోతాదు తగ్గించి, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకు మార్చారు. సాయంత్రం మామా ఖర్జూరం మింగి అన్నం మొదలుపెట్టేదాకా హెడ్ నర్సు గారు మంచం పక్కనే నిలబడి, "యల్లా మామా, ఇంగొక ముద్ద" అంటూ బుజ్జగించారు. ఆ సాయంత్రానికి నేనింకా కృతజ్ఞుణ్ణి.

ఆమె సంతాప సభను యాజమాన్యం సరిగ్గా మందులిచ్చే వేళకే ఏర్పాటు చేసింది. మౌనం పాటించాం; మందులు ఆలస్యమయ్యాయి. ఆమె స్థానం భర్తీ పరిశీలనలో ఉంది. ఈలోగా ఇద్దరు చూడవలసినదాన్ని ఒకరే రెండుసార్లు చూస్తున్నారు.

రంజాన్ దగ్గరపడుతోంది. పెద్ద సిస్టర్ ఎప్పుడొస్తుందని నిన్న మామా అడిగారు. నేను దిండు వైపు చూశాను. ఆవిడ దానిమీద చెయ్యి వేసి గట్టిగా అదిమారు.

కావున ఇందుమూలముగా దాఖలు చేయు డిమాండు, సంఖ్య 1: నెలవంక కనిపించేలోగా ఆ దిండు ఎత్తి చూసే మనిషిని నియమించాలి.