పిన్ని చేతి ముద్ద

చేపపిల్లల్ని పుట్టించి పెంచే హ్యాచరీలో, గుడ్లు పెట్టే తల్లిచేపల తొట్టి చూసుకునే ఆవిడను అందరూ పిన్ని అనే పిలుస్తారు. సముద్రంలో పట్టి తెచ్చిన ఆ బల్లపరుపు చేపలు ఇసుకలో ఒళ్ళు దాచుకుని పడుకుంటాయి. మేత వేస్తే ముట్టవు. చాలావరకు అలా పస్తులతోనే పోతాయి. అందుకని పిన్ని సబ్బు వాసన లేకుండా ఉప్పునీళ్ళతో చేతులు కడుక్కుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, రొయ్య ముక్కను బతికున్నదాన్లా నీళ్ళలో మెల్లగా కదుపుతూ ఉంటుంది. “తినమ్మా, మా తల్లివి కదూ,” అని బతిమాలుతుంది. ఒక చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి పెడుతుంది. ఆ సంగతి విని వాళ్ళాయన, “నాకెప్పుడైనా అలా తినిపించావా?” అని ఉడుక్కుంటాడు.

ఒక మధ్యాహ్నం గుడ్లతో ఉన్న పెద్ద చేప ఇసుక దులుపుకుని లేచి, ఆవిడ వేళ్ళ మధ్య ముక్కను లాక్కుంది. పిన్ని కేకకు హ్యాచరీ అంతా పరిగెత్తుకొచ్చింది. మర్నాడు ఆవిడ వచ్చేసరికి ఆ చేప తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలుతోంది.

“వలలో తగిలిన దెబ్బ లోపల మిగిలిపోయి ఉంటుంది పిన్నీ. నీ తప్పేం లేదు,” అన్నాడు సూపర్‌వైజర్.

“నిన్న తింది బాబూ,” అంది పిన్ని. మళ్ళీ అదే మాట అంది.

“ఇవాళ్టికి ఇంటికెళ్ళు.”

“నేను వెళ్తే మిగతావాటికి ఎవరు పెడతారు?” అంటూ చచ్చిన చేపను రెండు చేతులతో ఎత్తి, పసిబిడ్డను అందించినట్టు అతని చేతుల్లో పెట్టింది.