మారక్క చూపించిన బురద

హోసూరు దగ్గరి సూళగిరికి ఆవల, ఫ్యాక్టరీల షెడ్లు కనబడేంత దగ్గరలో ఉన్న చెరువులో మారక్క పన్నెండేళ్లుగా చేపలు పెంచుతోంది. గొర్రెలు కాసే ఇంట పుట్టిన మనిషి. పదిమంది ఆడవాళ్లను కూడగట్టి చెరువు కౌలుకు తీసుకుంది. నలభై దాటాక వల విసరడం నేర్చుకుంది. మత్తూరు సంతలో ఆమె గంప దిగితే జనం చుట్టూ మూగేవాళ్లు.

మూడేళ్ల కిందటి వేసవిలో, కాలువ వచ్చి చెరువులో కలిసే మూల నత్తలు కుప్పలుగా చచ్చాయి. కొంగలు ఆ వైపు వాలడం మానేశాయి. అడుగున మేసే చేపను కోసి చూస్తే కాలేయం నల్లబడి ఉంది. ఇక అమ్మేది లేదని మారక్క చెప్పేసింది. చేపలు చూడ్డానికి బాగానే ఉన్నాయి కదా, ఎవరికి తెలుస్తుందని గుంపులోని అంజనమ్మ గట్టిగా తగులుకుంది.

"మన పిల్లోళ్లకు పెట్టలేనిది ఊరోళ్లకు ఎట్ల పెట్టేదమ్మా?" అంది మారక్క.

హోసూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నళినిని వెతుక్కుంటూ పోయింది. నళిని వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయింది. పరీక్షలో ఏ దోషమూ తేలలేదు. ఊళ్లో నవ్వారు. చెరువుకు లేనిపోని చెడ్డపేరు తెచ్చిందని తిట్టినవాళ్లూ ఉన్నారు. అంజనమ్మ నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు.

మారక్క ఒక డబ్బాలో బురద, ఇంకో డబ్బాలో నత్తలు, మంచుగడ్డల నడుమ మూడు చేపలు పెట్టుకుని మళ్లీ హోసూరు బస్సెక్కింది.

"నీళ్లు పారిపోతాయమ్మా. బురద యాడికీ పోదు. దాంట్లో నత్త మేస్తాది, నత్తను చేప తింటాది. ఆడ చూడు."

ఇది తను ముందే చేయవలసిన పని అని నళిని ఒప్పుకుని, అన్నిటినీ పరీక్షకు పంపింది. బురదలో సీసం, కాడ్మియం ఉన్నాయి. నత్తల్లో అవే. చేపల కాలేయంలోనూ అవే.

ఆ ఫలితాల కాగితం పట్టుకుని మారక్క కృష్ణగిరి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే చోటికి పోయింది. వెనక పదిమంది ఆడవాళ్లూ ఉన్నారు, అంజనమ్మతో సహా. అధికారులు కాలువ వెంబడి నడుచుకుంటూ పోతే, బండల కింద దాచిన గొట్టం దొరికింది. లోహాలకు పూత పూసే ఒక షెడ్డుది అది. గొట్టం మూసేశారు. విషపు బురద ఎత్తే పని షెడ్డు యజమాని మీదే పడింది. తవ్వినన్నాళ్లూ మారక్క గట్టున నిలబడింది. చాలని కూలీలు పార పక్కన పెట్టిన చోటల్లా దిగి చూసి, అడుగున విషం అంటని ఎర్రమన్ను తేలేదాకా తవ్వించింది.

రెండు వానాకాలాలు గడిచాక పిల్లచేపలు వదిలారు. మూడు మార్లు పరీక్ష చేయించాకే వల వేశారు. మూడో ఫలితం నళిని ఫోన్‌లో చదువుతుంటే మారక్క గట్టుమీదే కూర్చుండిపోయింది, కళ్లు తుడుచుకుంటూ.

మొదటి చేపలు ఆడవాళ్లంతా చెరువు దగ్గరే వండుకుని తిన్నారు. మర్నాడు మత్తూరు సంతలో పది గంటలకే గంపలు ఖాళీ. ఇప్పుడు దూరాన ఉన్న ఊత్తంగరై నుంచి కూడా చేపలు పెంచేవాళ్లు తమ చెరువుల సంగతి అడగడానికి వస్తున్నారు. మారక్క వాళ్లను కాలువ మూలకు తీసుకుపోయి, చెప్పులు విప్పించి, నీళ్లు కాదు ముందు ఇక్కడ చూడాలంటూ బురదలోకి దింపుతుంది.