ముసలివాళ్ళు కావాలన్న పాస్టరు

మా ఊరి కాలేజీలో విద్యార్థులకు పాస్టరుగా ఉన్న లోవెల్ బ్రాండ్‌వోల్డ్ లయన్స్ క్లబ్బులో ఎందుకు చేరాడో నాకొక్కడికే చెప్పాడు. మిగతావాళ్ళంతా సేవాభావం అనుకున్నారు. అసలు సంగతేమిటంటే, అతనికి ముసలివాళ్ళు కావలసివచ్చారు.

మామూలు చర్చి పాస్టరుకి తను బాప్తిస్మం ఇచ్చిన పిల్లకి తనే పెళ్ళి చేసే భాగ్యం ఉంటుంది. లోవెల్ సంఘం మాత్రం ఏటా మే నెలలో ఖాళీ అయిపోతుంది. పిల్లలు మీసాలు రాని వయసులో వస్తారు, బుధవారం సాయంత్రాలు అతను కాచిన సూప్ తాగుతారు, అతని ఎదుట ఏడుస్తారు, ప్రార్థన చేస్తారు, చదువైపోగానే వెళ్ళిపోతారు. తర్వాత క్రిస్మస్ కార్డులు, ఆ తర్వాత అవీ ఉండవు. "నా మందలో ఒక్కరికీ జుట్టు నెరవదు ఆర్విడ్" అన్నాడొకసారి నాతో. అతనికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు.

నాకు హార్డ్‌వేర్ కొట్టుంది. క్లబ్బులో నా పని, మంగళవారం భోజనాల దగ్గర ఏదో ఒక వంక పెట్టి సభ్యులకు జరిమానా వేసి నవ్వించడం. లోవెల్ నా పాలిట పాడి ఆవు. భోజనానికి ముందు అతను చేసే ప్రార్థన పొడుగైతే సూప్ చల్లారినందుకు జరిమానా, పొట్టిదైతే దేవుడికి ఎగనామం పెట్టినందుకు జరిమానా. క్లబ్బులో మతం బోధించకూడదని నియమం. అతనెన్నడూ బోధించలేదు. ఊళ్ళో జనం వాడి పారేసే కళ్ళజోళ్ళు పోగుచేసి, వేడినీళ్ళతో కడిగి, చూపు ఆనని పేదవాళ్ళకి పంపేవాడు. వసంతంలో క్లబ్బు పాన్‌కేకుల ఫలహారం పెట్టినప్పుడు తన కాలేజీ పిల్లల్ని గిన్నెలు తోమడానికి తోలుకొచ్చేవాడు. ఊరూ కాలేజీ ఎడమొహం పెడమొహంగా ఉండే మా నార్డెన్‌లో రెండింటినీ ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టినవాడు అతనొక్కడే.

అలా గిన్నెలు తోమడానికి వచ్చిన పిల్లే మారిసేల. అరిజోనా నుంచి వచ్చి మా మిన్నెసోటా మంచులో నర్సు చదువు చదివింది. చూస్తుండగానే లోవెల్‌కి కుడిచెయ్యి అయిపోయింది. మా ముసలివాళ్ళ బీపీ చూసేది, నన్ను ఉప్పు తినొద్దని తిట్టేది. చివరి ఏడాది లోవెల్ మొహంలో ఒక ఆశ కనిపించింది. ఈ ఒక్క పిల్ల ఇక్కడే ఉండిపోతే బాగుండునని. ఉండమని మాత్రం అడగడు. పిల్లల్ని పంపడమే తన పని, పట్టుకోవడం కాదంటాడు.

అడిగింది ఆ పిల్లే. ఏప్రిల్‌లో ఒకరోజు, ఈ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఉంది, మా అరిజోనాలో ఫీనిక్స్‌లోనూ ఉంది, మీకు సాయంగా నన్ను ఇక్కడే ఉండమంటారా అంది. ఈయనగారు "నా కోసం ఎందుకమ్మా, వద్దులే" అన్నాడు.

ఇక్కడ మా మిన్నెసోటా మొహమాటం గురించి చెప్పాలి. కాఫీ తాగుతారా అంటే వద్దంటాం. మళ్ళీ అడిగితే మీకెందుకు శ్రమ అంటాం. మూడోసారి అడిగితే, సరే, సగం కప్పు అంటాం. మొదటిసారే ఔనన్నవాణ్ణి తిండిపోతు కింద జమకడతాం. లోవెల్ ఆ మొదటి వద్దు అనేసి, రెండోసారి కోసం కూర్చున్నాడు. అరిజోనా పిల్ల "సరే పాస్టర్" అని లేచి వెళ్ళి, మర్నాడే ఫీనిక్స్‌కి ఒప్పుకుంది.

అతను ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, ఆ పిల్ల అడిగింది కాఫీ గురించా? పరిగెత్తు, పోయి ఉండమను" అన్నాను.

"ఇప్పుడంటే ఆ పిల్లని వెనక్కి లాగినట్టవుతుంది" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు.

మేలో సాగనంపే ఆదివారం వచ్చింది. వెళ్ళిపోయేవాళ్ళు వరసగా మోకరిస్తారు. అతను ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి "సమాధానంతో వెళ్ళు" అంటాడు, అంటే శాంతితో వెళ్ళమని. మారిసేల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పెట్టాడు గాని మాట రాలేదు. చర్చంతా ఎదురుచూసింది. చివరికి అన్నాడు, పక్కనున్న పిల్లకైనా వినబడిందో లేదో.

తర్వాత కింద హాల్లో కాఫీ పోస్తుంటే నేనిక ఉండబట్టలేకపోయాను. ఆ పిల్లని పక్కకి పిలిచి, మా వాళ్ళ వద్దుకి అర్థం వద్దు కాదమ్మా, నువ్వుంటే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంటోంది, నీకు తెలియక పొరబడ్డావు అని చెప్పేశాను.

మారిసేల కప్పు కింద పెట్టింది.

"నాలుగేళ్ళున్నానండీ ఇక్కడ. ఆ మాత్రం తెలీదా? మా అమ్మకి ఒంట్లో బాగోలేదు, నేను వెళ్ళి తీరాలి. అయినా నోరాగక అడిగేశాను. రెండోసారి అడిగితే ఉండమంటారు. ఆయన ఆ మాట అన్నారంటే ఇక నేను కదల్లేను. అందుకే అడగలేదు. ఆయనకి చెప్పకండి, నాకు తెలియలేదనే అనుకోనివ్వండి."

సరేనన్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాను కూడా, అదే నా ప్రాణానికొచ్చింది. ఇప్పటికీ మంగళవారాలు లోవెల్ నా పక్కనే కూర్చుంటాడు. ప్రార్థన అయ్యాక, చెంచా పట్టుకుని, నాకు మాత్రమే వినబడేట్టు అంటాడు: "ఇంకొక్కసారి అడిగుంటే ఔననేవాణ్ణి ఆర్విడ్. పాపం, ఆ పిల్లకి మన పద్ధతి తెలీదు."

తెలీదు పాపం అంటాను నేను.